వానలు మొదలవకముందే రెండో గుమ్మం చూసుకో

చిరంజీవి చిన్నికి,

పెదనాన్న దీవెనలు.

మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు. పెరుంగుడి ఆఫీసులో నెట్‌వర్క్ బాధ్యత నీమీద పడిందట. కొత్త బ్రాడ్‌బ్యాండ్ లైన్ వేయించిన దగ్గర్నుంచీ ఇంటి నుంచి ఎవరూ ఆఫీసు సర్వర్‌లోకి రాలేకపోతున్నారట. వానలు పట్టుకునేలోపు అందరికీ దారి చూపించమని మీ మేనేజర్ అడుగుతున్నాడట. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర కూడా పోవడం లేదని చెప్పాడు. టెన్షన్ పడకు. ఇది నీ వల్ల అయ్యే పనే. ఫోన్‌లో చెబితే సగం జారిపోతుందని రాసి పంపుతున్నాను. పక్కన పెట్టుకుని పని చెయ్యి.

ముందు రౌటర్ స్టేటస్ పేజీ తెరిచి, బయటి వైపు అడ్రస్ ఏముందో చూడు. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే నీ తప్పేమీ లేదు. అది బయటి ప్రపంచానికి తెలిసే అడ్రస్ కాదు. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీవాళ్ళు ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే అడ్రస్‌ని) చాలామంది కస్టమర్లకు కలిపి వాడుతున్నారు. బయటికి వెళ్ళే పని ఆగదు, కానీ బయటి నుంచి ఎవరైనా నీ ఆఫీసు తలుపు తట్టాలంటే ఆ తలుపు ఏదో వాళ్ళకు తెలియదు. నువ్వు నీ రౌటర్‌లో ఎంత పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపుని లోపలి మెషీన్‌కి మళ్ళించడం) పెట్టినా ఆ తట్టిన చప్పుడు నీ దాకా రాదు. పాత లైన్‌లో పనిచేసింది ఇప్పుడు ఆగిపోవడానికి కారణం ఇదే.

ఇలా ఎందుకంటే, ఇన్నాళ్ళూ మనం వాడుతున్న పాత అడ్రస్ పద్ధతి ఐపీవీ4. దాని అడ్రస్‌కి ఉన్నవి 32 బిట్లే. అంటే సుమారు 429 కోట్ల అడ్రస్‌లు. ప్రపంచ స్థాయి నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి మన ఆసియా పసిఫిక్ ప్రాంతంలో చివరి నిల్వని కొంచెం కొంచెంగా పంచడం మొదలుపెట్టారు. దాని తర్వాతి కొత్త పద్ధతి, 128 బిట్ల ఐపీవీ6, అప్పటికే తయారుగా ఉంది, దాని ప్రమాణం 1998 డిసెంబరులోనే వచ్చింది. మన దేశంలో దాన్ని నిజంగా జనం చేతుల్లోకి తెచ్చింది మొబైల్ కంపెనీలు. ముఖ్యంగా 2016లో జియో వచ్చాక కోట్ల ఫోన్లు ఒక్కసారిగా ఐపీవీ6 మీదకి వెళ్ళాయి. ఇవాళ దాని వాడకంలో ప్రపంచంలో ముందున్న దేశాల్లో మనది ఒకటి.

అందువల్ల మీ మేనేజర్ అడిగే "ఐపీవీ6కి మారాలా వద్దా" అన్న ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగకు. విండోస్‌లో అది విస్టా రోజుల నుంచే ఆన్‌లో ఉండి వస్తోంది. నీ ఆఫీసులో ఏ కంప్యూటర్ దగ్గరైనా కూర్చుని అడ్రస్‌లు చూడు. ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది ఒకటి తప్పకుండా ఉంటుంది. అది ఆ గదికే పరిమితం, భయం లేదు. దాని పక్కనే 2 అంకెతో మొదలయ్యే పొడవాటి అడ్రస్ కూడా ఉంటే, ఆ కంప్యూటర్‌కి ప్రపంచమంతా గుర్తుపట్టే సొంత అడ్రస్ వచ్చేసినట్టే. కొత్త లైన్‌తో పాటే వచ్చి ఉంటుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే, చిన్నీ. వీధి గుమ్మానికి తాళం ఉందో లేదో రోజూ చూసుకుంటాం. ఇంటికి దొడ్డి గుమ్మం ఒకటి కొత్తగా వచ్చిందని తెలియకపోతే దానికి గొళ్ళెం ఎవరు పెడతారు?

నా అనుభవం ఒకటి చెబుతాను. 2015 డిసెంబరు వరద నీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు నువ్వు కాలేజీలో ఉన్నావు. నేను పనిచేసే ఆఫీసు గిండీ వైపు, అడయారు నదికి దగ్గరలో ఉండేది. చెంబరంబాక్కం నీళ్ళు వదిలాక గ్రౌండ్ ఫ్లోర్ మునిగింది. సర్వర్ మేడమీద ఉండటంతో బతికింది, కానీ మనుషులు రాలేకపోయారు. జీతాల పని ఆగిపోతుందని కరెంటు వచ్చిన రోజునే నేను ఒక పని చేశాను. అకౌంట్స్ మెషీన్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచాను. నాలుగు రోజులకే అనుకున్నాను. జీతాలు పడ్డాయి, అందరూ మెచ్చుకున్నారు. తర్వాత దాన్ని మూయడం మరిచిపోయాను. ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున అకౌంట్స్ అమ్మాయి ఫోన్ చేసి ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదంది. ఎవరో పాస్‌వర్డ్‌లు వరసగా ప్రయత్నించి లోపలికొచ్చి అన్నిటికీ తాళం వేసి, డబ్బు అడుగుతూ కాగితం పెట్టి పోయారు. బ్యాకప్ డిస్క్ కూడా అదే మెషీన్‌కి తగిలించి ఉండటంతో అదీ పోయింది. రెండేళ్ళ లెక్కలు కాగితాల నుంచి మళ్ళీ ఎక్కించాం. ఆ మూడు నెలలు ఆ అమ్మాయి రాత్రి ఎనిమిది దాకా కూర్చునేది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. వానొచ్చిన రోజు హడావిడిగా దారి తెరిచే పరిస్థితి నీకు రాకూడదు.

అందుకని మొదటి పని వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసుకి వేసే రహస్య దారి) కాదు, ఫైర్‌వాల్ (ఏది లోపలికి రావచ్చో చూసే కాపలా). ఐపీవీ4లో రౌటర్ అడ్రస్‌ని మార్చి పంపడం వల్ల లోపలి మెషీన్లు బయటికి కనిపించేవి కావు. దాన్నే మనం రక్షణ అనుకుని నిశ్చింతగా ఉన్నాం. ఐపీవీ6లో ఆ మార్పిడి అవసరం లేదు. ప్రింటర్‌కీ, సీసీటీవీ డీవీఆర్‌కీ కూడా సొంత పబ్లిక్ అడ్రస్ వస్తుంది. లోపలి నుంచి మొదలైన సంభాషణకి జవాబు రానివ్వాలి, బయటి నుంచి తనంతట తానుగా వచ్చేదాన్ని ఆపాలి. ఈ ఒక్క రూల్ ఐపీవీ6 వైపు ఉందో లేదో చూడు. లైనక్స్ పెట్టె అయితే మరీ జాగ్రత్త. ఫైర్‌వాల్ రూల్స్ పెట్టే ఐపీటేబుల్స్‌లో రాసినవి ఐపీవీ4కే వర్తిస్తాయి, ఐపీ6టేబుల్స్‌లో విడిగా రాయాలి. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో రెండింటికీ కలిపి ఒకేచోట రాసే వీలుంది, నన్నడిగితే అదే వాడు.

అలాగని పింగ్ (మెషీన్ ఉందా అని తట్టి చూడటం) రాకూడదని ఐసీఎంపీ (మెషీన్లు, రౌటర్లు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు) మొత్తం ఆపెయ్యకు. పాతకాలం వాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారు, ఐపీవీ4లో ఎలాగోలా గడిచిపోయేది. ఐపీవీ6లో గడవదు. పక్క మెషీన్‌ని వెతుక్కోవడం, రౌటర్ ఎక్కడుందో తెలుసుకోవడం అన్నీ దాని మీదే నడుస్తాయి. దారిలోని రౌటర్లు పెద్ద ప్యాకెట్‌ని ముక్కలు చెయ్యవు. "ఇది పట్టదు, చిన్నది పంపు" అని వెనక్కి కబురు పంపుతాయి. ఆ కబురు నువ్వు ఆపేస్తే వచ్చే జబ్బు విచిత్రంగా ఉంటుంది. లాగిన్ అవుతుంది, చిన్న పేజీ తెరుచుకుంటుంది, పెద్ద ఫైలు మాత్రం సగంలో ఉండిపోతుంది. లైన్ బాగాలేదని కస్టమర్ కేర్‌కి వారం రోజులు ఫోన్లు చేసినవాళ్ళని చూశాను. తప్పు వాళ్ళ ఫైర్‌వాల్‌లోనే ఉంది.

తర్వాత అడ్రస్‌లు. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీవాళ్ళు ఇచ్చే ప్రిఫిక్స్ (అడ్రస్‌లో మీకు కేటాయించే మొదటి భాగం) ఎంతో రాతపూర్వకంగా అడుగు. స్లాష్ 56 (అంటే ఆ మొదటి భాగం 56 బిట్లు) ఇస్తే 256 నెట్‌వర్క్‌లు చేసుకోవచ్చు, స్లాష్ 48 అయితే 65,536. ఒక్కో నెట్‌వర్క్‌కి స్లాష్ 64 ఇచ్చెయ్, పొదుపు చేద్దామని దాన్ని ఇంకా కోయకు. స్లాష్ 64 ఒక్కటే ఇస్తామంటే ఒప్పుకోవద్దు, గట్టిగా అడుగు. స్టాఫ్‌కి ఒకటి, అతిథుల వైఫైకి ఒకటి, కెమెరాలకి ఒకటి, వీపీఎన్‌కి ఒకటి కావాలి నీకు. ఆ ప్రిఫిక్స్ స్థిరమా, రౌటర్ ఆపి పెడితే మారుతుందా అన్నది కూడా అడుగు. మారేదైతే లోపలి సర్వర్లకి ఎఫ్‌డీతో మొదలయ్యే ప్రైవేటు అడ్రస్‌లు కూడా ఇవ్వు. రేపు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మారినా అవి మారవు. ఎఫ్‌డీ తర్వాతి 40 బిట్లు మాత్రం గుర్తుండే అంకెలు పెట్టకుండా యాదృచ్ఛికంగా ఎంచుకో. ఇంకొక మాట, ఆండ్రాయిడ్ ఫోన్లు డీహెచ్‌సీపీవీ6 (సర్వర్ ఒక్కో మెషీన్‌కి అడ్రస్ పంచే పద్ధతి) ద్వారా అడ్రస్ తీసుకోవు. రౌటర్ ప్రకటన చూసి సొంతంగా కట్టుకుంటాయి. డీహెచ్‌సీపీ ఒక్కటే పెట్టి ఫోన్లకి ఎందుకు రావడం లేదని తల పట్టుకోకు.

ఐపీవీ4ని ఇప్పుడే తీసెయ్యమని అనడం లేదు. రెండూ పక్కపక్కన నడవనివ్వు. పాత ప్రింటర్ పాత అడ్రస్‌తోనే ఉంటే కొంప మునగదు. కానీ మీ సొంత సాఫ్ట్‌వేర్ చూడు. హాజరు ప్రోగ్రామ్‌లోనో బిల్లింగ్‌లోనో ఐపీ అడ్రస్ దాచే గడి 15 అక్షరాలకే కట్టి ఉంటుంది, ఐపీవీ4కి అది సరిపోయేది. ఐపీవీ6కి 39 కావాలి. 45 పెట్టించు, అన్ని రకాలూ పడతాయి. మీ క్లయింట్లు ఎవరైనా మీ ఆఫీసు ఐపీని వాళ్ళ జాబితాలో పెట్టుకుని రానిస్తున్నారేమో కూడా కనుక్కో. లైన్ మారిన రోజున ముందుగా తెగిపోయేది అదే.

ఇక వీపీఎన్. నేను వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ వాడమంటాను. 2020 మార్చిలో వచ్చిన లైనక్స్ కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) 5.6 నుంచి అది కెర్నల్‌లోనే ఉంది, కోడ్ చిన్నది, సెట్టింగ్ ఒక పేజీలో అయిపోతుంది. నాకు అన్నిటికంటే నచ్చేది దాని మౌనం. సరైన తాళంచెవి లేనివాడు తలుపు తడితే అసలు జవాబే ఇవ్వదు, అక్కడ తలుపు ఉన్నట్టు కూడా తెలియదు. దాని యూడీపీ పోర్ట్ ఒక్కటే బయటికి తెరువు, మామూలుగా 51820 వాడతారు. రిమోట్ డెస్క్‌టాప్ 3389, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ 22, ఫైల్ షేరింగ్ 445 ఇవేవీ బయటికి కనిపించకూడదు, ఐపీవీ4లోనూ ఐపీవీ6లోనూ.

మనిషికొక తాళంచెవి కాదు, పరికరానికొకటి ఇవ్వు. ఎవరికి ఏది ఇచ్చావో ఒక పుస్తకంలో రాసుకో. లాప్‌టాప్ లోకల్ రైల్లో పోయినా, మనిషి ఉద్యోగం మానేసినా, ఆ ఒక్క వరస కొట్టేస్తే చాలు. వైర్‌గార్డ్‌లో ఓటీపీ ఉండదు కాబట్టి లోపలి సర్వర్ లాగిన్‌కి అది పెట్టు. చెవి దొరికినంత మాత్రాన బీరువా తెరుచుకోకూడదు.

చాలామందికి అర్థం కాని చోటు ఒకటుంది. వీపీఎన్‌లో ఐపీవీ4 మాత్రమే పంపేట్టు రాస్తే, మనిషి వీపీఎన్‌లో ఉన్నాననుకుంటాడు, ఐపీవీ6కి సంబంధించినదంతా మాత్రం ఇంటి లైన్ మీదుగా బయట్నుంచే పోతుంది. మొత్తం ట్రాఫిక్ ఆఫీసు మీదుగా వెళ్ళాలనుకుంటే రెండు రకాల దారులూ రాయాలి. మీకు ఆఫీసు సర్వర్ ఒక్కటే కావాలి కాబట్టి ఆ నెట్‌వర్క్‌లు మాత్రమే రాస్తే సరిపోతుంది. ఇక్కడ పాత తలనొప్పి ఒకటి వస్తుంది. ఆఫీసులోనూ 192.168.1, ఇంటి రౌటర్‌లోనూ 192.168.1. ఆఫీసు సర్వర్‌ని పిలిస్తే కంప్యూటర్ ఇంట్లోనే వెతుకుతుంది. ఎఫ్‌డీ అడ్రస్‌తో ఆ గొడవ ఉండదు. సర్వర్‌కి వీపీఎన్ కోసం ఒక పేరు పెట్టి, ఆ పేరుకి ఐపీవీ6 అడ్రస్ ఒక్కటే కట్టు. పాతది కూడా తగిలిస్తే మెషీన్లు ఎఫ్‌డీ కంటే ఐపీవీ4కే మొగ్గు చూపుతాయి, మళ్ళీ మొదటికొస్తావు.

ఇంట్లో ఐపీవీ6 లేనివాళ్ళ సంగతి? ఉంటారు. వాళ్ళ కోసం ఆఫీసు లైన్‌కి ఒక స్టాటిక్ (మారని) ఐపీవీ4 అడ్రస్ కొనమని మీ మేనేజర్‌కి చెప్పు. "అది కొంటే ఇక ఐపీవీ6 ఎందుకు" అంటాడు. ఆ కొత్త గుమ్మం మనం వద్దన్నా ఇంట్లో ఉందని అప్పుడు చెప్పు. వైర్‌గార్డ్ పేరుని మొదలైనప్పుడు ఒక్కసారే చూసుకుంటుంది, ఒక దారి కుదరకపోతే రెండోది తనంతట తాను ప్రయత్నించదు. అందుకని ఒక్కొక్కరికి రెండు ప్రొఫైల్స్ ఇవ్వు, "ఆఫీసు ఆరు", "ఆఫీసు నాలుగు" అని. ఒకటి రాకపోతే రెండోది నొక్కమను. ప్రిఫిక్స్ మారిన రోజున కూడా ఆపి మళ్ళీ పెట్టమని చెప్పాలి. ఇంటి రౌటర్ల వెనక ఉన్నవాళ్ళకి కీప్‌అలైవ్ (దారి మూసుకుపోకుండా పంపే చిన్న కబురు) 25 సెకన్లు పెట్టు. ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1420తో మొదలుపెట్టు. బ్రాడ్‌బ్యాండ్ లైన్ల మీద పెద్ద ఫైళ్ళు ఆగుతుంటే 1380కి దించు, మరీ మొండికేస్తే 1280. అంతకంటే దించితే వీపీఎన్ దారిలో ఐపీవీ6 నడవదు.

లాగ్‌లు (ఎవరు ఎప్పుడు వచ్చారన్న రికార్డులు) 180 రోజులు దాచు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో అది ఉంది. ఏదైనా దాడి జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలని కూడా ఉంది. వాళ్ళ మెయిల్ అడ్రస్ ఇప్పుడే గోడకి అంటించుకో.

అందరికీ ఒకేసారి ఇవ్వకు. తాంబరం నుంచి వచ్చే అకౌంట్స్ ఆవిడ ఉందన్నావు కదా, ముందు ఆవిడ ఒక్కదానికి ఇచ్చి వారం చూడు. ఆవిడకి అర్థం కాని చోటు ఎక్కడుందో అక్కడ కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వు. ఒకరోజు ఇంటి వైఫై ఆపి ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచెయ్యమను. 2016లో వర్దా తుఫానుకీ, 2023లో మిచౌంగ్‌కీ కరెంటు పోయిన ఇళ్ళలో మిగిలింది ఫోనే. ఆఫీసులో రౌటర్, సర్వర్ రెండూ యూపీఎస్ మీద ఉన్నాయో లేదో చూడు. ఇంట్లో వీపీఎన్ ఎంత బాగున్నా అటువైపు దీపం ఆరిపోతే లాభం లేదు. బ్యాకప్ ఒకటి రోజూ తీసి విడదీసి వేరే చోట పెట్టు.

ఆదివారం అంబత్తూరు వచ్చెయ్. మా ఇంటి లైన్‌కి రెండు రకాల అడ్రస్‌లూ ఉన్నాయి. మేనేజర్‌ని అడిగి అనుమతి తీసుకునిరా, ఇక్కడి నుంచి మీ ఆఫీసు పోర్టులు రెండు వైపులా తట్టి చూద్దాం. ఫైర్‌వాల్ రూల్స్ రెండు జాబితాలూ ప్రింట్ తీసి తెచ్చుకో, స్క్రీన్ మీద కాదు. పక్కపక్కన పరిచి ఒక్కో వరసా పెన్సిల్‌తో కొట్టుకుంటూ వెళ్దాం. పెద్దమ్మ నీకోసం గోంగూర తెప్పించింది, భోజనానికి ముందే వచ్చెయ్.

ప్రేమతో,
పెదనాన్న