ఒకే గ్రైండర్ దగ్గర ఇద్దరు, జబ్బు ఒకరికే ఎందుకు?

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా కార్బైడ్ టూల్స్ సానపడుతున్నాను. ఏడాదిగా పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. టీబీ లేదన్నారు. పక్కనే అదే పని చేసే మా బావకి ఏమీ లేదు. లోపం నా ఒంట్లోనే ఉందాండీ?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఒంటి తీరుకూ వాటా ఉండొచ్చు. కానీ దుమ్ము లేకపోతే, గట్టిలోహాల వల్ల వచ్చే ఈ ఊపిరితిత్తుల జబ్బే లేదు. మీ టూల్స్‌లో టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని అతికించి ఉంచేది కోబాల్ట్ అనే లోహం. సానపట్టినప్పుడు లేచే ఆ రెండింటి దుమ్ముకు కొద్దిమందిలో రోగనిరోధక కణాలు మితిమీరి స్పందిస్తాయి. గాలిగదులు వాచి, మెల్లగా మచ్చకట్టి గట్టిపడతాయి.

ఎవరిలో ఇలా జరుగుతుందన్నది బెరీలియం అనే లోహం విషయంలో బాగా తేలింది. హెచ్‌ఎల్‌ఏ-డీపీబీ1 జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 69వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉంటే బెరీలియం అక్కడ ఇముడుతుంది, సీడీ4 టి-కణాలు అనే రోగనిరోధక కణాలు దాన్ని శత్రువనుకుని దాడికి దిగుతాయి. కోబాల్ట్ జబ్బుకూ ఈ జన్యు గుర్తుకూ సంబంధం కనబడింది. అయితే గుర్తున్నా జబ్బు రానివాళ్లే ఎక్కువ. అందుకే జన్యుపరీక్షకు డబ్బు పెట్టకండి. మీ బావగారు బాగున్నారని షాపులో గాలి మంచిదనీ అనుకోకండి. ఆయనకూ స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేయించండి.

మీరు ఛాతీ డాక్టరుకు ముందుగా చెప్పాల్సింది మీ పని గురించి. అది చెప్పకపోతే ఆస్తమా అనో, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలు కట్టే మరో జబ్బు) అనో పొరబడే వీలుంది. హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే స్కాన్), స్పైరోమెట్రీ, డీఎల్‌సీవో (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా చేరుతోందో చూసే పరీక్ష) అడగండి. సెలవుల్లో దగ్గు తగ్గుతోందా అన్నది రాసిపెట్టుకోండి. జబ్బు తేలితే ఆ పనికి పూర్తిగా దూరం కావడమే అసలు వైద్యం. స్టెరాయిడ్లు వాడుతూ గ్రైండర్ దగ్గరే నిలబడితే లాభం లేదు.

నీళ్లు పోసి సానపడితే చాలనుకుంటారు. కానీ కోబాల్ట్ కూలెంట్‌లో (చల్లబరచడానికి పోసే ద్రవంలో) కరుగుతుంది. అదే కూలెంట్ తిరిగి తిరిగి వాడితే తుంపరల్లోనే లోపలికి పోతుంది. తరచు మార్చాలి, చక్రం దగ్గరే దుమ్ము లాగే గొట్టం పెట్టాలి, కంప్రెసర్ గాలితో బట్టలు దులపకూడదు. గుడ్డ మాస్కు పనికిరాదు. గట్టిలోహాల వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు పరిహారం దక్కే వృత్తివ్యాధుల జాబితాలో ఉంది. డ్యూటీ కాగితాలు దాచండి.

ప్రశ్న: ఇత్తడి పోత పోసిన రాత్రి చలిజ్వరం వస్తోంది, తెల్లారేసరికి పోతోంది. సెలవు తర్వాత మొదటిరోజే ఎక్కువ. పాలు తాగితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, బుడితి

జవాబు: పాలు దీన్ని ఆపవమ్మా. లోహం కరిగించే మూసలోంచి లేచే తెల్లటి జింకు పొగే కారణం. రోజూ పీలిస్తే ఒళ్లు కాస్త అలవాటుపడుతుంది, సెలవులో ఆ అలవాటు పోతుంది. రాగి కరిగాక చివర్లో జింకు వేయండి, పైన బొగ్గుపొడి కప్పండి, అతిగా కాచకండి. జ్వరం రెండు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి వెళ్లండి. తుక్కులో కాడ్మియం పూత ఉన్న ముక్క కలిస్తే ఆ పొగ కూడా మొదట ఇలాగే మొదలై ప్రాణం తీయగలదు.