షాట్‌గన్ షెల్స్ (తూటాలు) ఇంట్లో చేసుకుంటే ఖర్చు నిజంగా సగమవుతుందా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం, గ్రీన్ కార్డ్ ఉంది. మా అమ్మాయి హైస్కూల్ క్లే టార్గెట్ టీమ్‌లో ట్రాప్ షూటింగ్ (గాల్లోకి విసిరే బిళ్లల్ని షాట్‌గన్‌తో కొట్టే ఆట) చేస్తుంది, తనతో పాటు నాకూ అలవాటైంది. ఇద్దరికీ కలిపి ఏడాదికి 24 ఫ్లాట్లు (ఒక్కో ఫ్లాట్ అంటే 250 షెల్స్ పెట్టె), అంటే 6,000 షెల్స్ దాకా అవుతున్నాయి, అందులో 14 ఫ్లాట్లు అమ్మాయి టీమ్ ప్రాక్టీసుకూ పోటీలకే. ఫ్లాట్ 105 డాలర్లు. వచ్చే ఏడాది స్కీట్ (ఇదీ ఇలాంటి ఆటే, బిళ్లలు రెండు వైపుల నుంచి వస్తాయి) కూడా మొదలుపెడతానంటోంది. క్లబ్‌లో ఒక పెద్దాయన కాల్చిన షెల్స్‌నే ఇంట్లో మళ్లీ నింపి రీలోడ్ చేసుకుంటే సగం ఖర్చుతో పోతుందన్నాడు. మెషీన్, పౌడర్ (తూటా మందు), ప్రైమర్లు (మందుని రాజేసే చిన్న టోపీలు), షాట్ (సీసం గుళ్లు) అన్నీ కలిపి 2,600 అవుతుంది, 15 నెలలు వడ్డీ లేని కొత్త కార్డ్ మీద తీసుకుందామనుకుంటున్నాను. పాత కార్డ్ మీద 4,800 బాకీ ఉంది, 24 శాతం వడ్డీ. ఆఫీసులో హెచ్-1బీ మీద ఉన్న ఫ్రెండ్ ఒకతను డబ్బు సగం పెడతాను, షెల్స్ సగం ఇవ్వమంటున్నాడు. మా ఆవిడ మాత్రం ఇంట్లో తూటా మందు పెట్టడానికి ససేమిరా ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడైతే కొనొద్దండి. పూర్తిగా మానేయమని కాదు, మీరు అనుకున్న పద్ధతిలో, అనుకున్న కార్డ్ మీద, అనుకున్న ఫ్రెండ్‌తో కలిసి మాత్రం వద్దు. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులో డబ్బు లెక్క ఒక్కటే కాదు, మీరు అడగని రెండు మూడు పెద్ద విషయాలు కూడా ఉన్నాయి.

ముందు ఆ సగం ఖర్చు మాట చూద్దాం. ఆ పెద్దాయన అబద్ధం చెప్పలేదు, కాకపోతే ఆయన మనసులో ఉన్నవి పాత రేట్లు. 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో 25 పౌండ్ల సీసం షాట్ సంచి 20 డాలర్ల లోపే వచ్చేది, 2006-07లో ప్రపంచమంతటా సీసం ధర ఎగబాకాక ఆ రేటు మళ్లీ చూడలేదు. వెయ్యి ప్రైమర్లు 2020కి ముందు 30-35 డాలర్లకు దొరికేవి, ఇప్పుడు దుకాణాన్ని బట్టి 70 నుంచి 90 దాకా ఉన్నాయి. ఇప్పటి రేట్లతో ఒక 12 గేజ్ (గేజ్ అంటే గన్ గొట్టం సైజు) షెల్‌కి, ఒక ఔన్సు షాట్ వేసే లెక్కన, ఎంత పడుతుందో మీరే చూడండి. షాట్ సంచి 55 అనుకుంటే అందులో 400 ఔన్సులుంటాయి కాబట్టి షెల్‌కి దాదాపు 14 సెంట్లు. 8 పౌండ్ల పౌడర్ డబ్బా 240 అనుకుందాం, పౌండుకి 7,000 గ్రెయిన్లు, షెల్‌కి 18 గ్రెయిన్ల లెక్కన 3,100 షెల్స్ వస్తాయి, అంటే 8 సెంట్లు. (ఇది ఖర్చు లెక్క కోసం వేసుకున్న అంకె మాత్రమే, ఎంత పౌడర్ వేయాలన్నది పౌడర్ కంపెనీ అచ్చువేసిన పట్టికలో చూసే వేయాలి.) ప్రైమర్ 8 సెంట్లు, ప్లాస్టిక్ వాడ్ (మందుకీ గుళ్లకీ మధ్య పెట్టే కప్పు) 3 సెంట్లు, హల్ (షెల్ ఖాళీ గొట్టం) మీరు కాల్చిందే కాబట్టి ఉచితం. మొత్తం 33 సెంట్లు. 25 షెల్స్ బాక్స్‌కి 8 డాలర్ల 25 సెంట్లు. మీరు ఇప్పుడు కొంటున్నది 10.50కి. మిగిలేది బాక్స్‌కి 2.25 డాలర్లు, అదీ మీ టైమ్‌కి విలువ కట్టకుండా, ఆన్‌లైన్‌లో పౌడర్, ప్రైమర్లు తెప్పిస్తే వేసే ప్రమాదకర సరుకు రవాణా చార్జి కలపకుండా.

సగం అన్నది ఐదో వంతుకి దిగింది కదా, అది కూడా మీకు పూర్తిగా రాదు. చాలా స్కూల్ టీముల్లో, కొన్ని రేంజ్‌లలో కూడా ఇంట్లో చేసిన షెల్స్ ఒప్పుకోరు, ఫ్యాక్టరీ షెల్స్ మాత్రమే తెమ్మంటారు. పక్కనే వేరేవాళ్ల పిల్లలు నిలబడి ఉంటారు, ఎవరి గరాజ్‌లో ఎలా చేశారో కోచ్‌కి తెలియదు, నా దృష్టిలో ఇది చాలా న్యాయమైన నియమం. మెషీన్ మాట ఎత్తే ముందు కోచ్‌కి ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ ఒప్పుకోకపోతే మీ 24 ఫ్లాట్లలో 14 పక్కకి పోయాయి, మిగిలింది 10 ఫ్లాట్లు, అంటే 100 బాక్సులు, ఏడాదికి మిగులు 225 డాలర్లు. మీ 2,600లో మెషీన్, తూకం, పుస్తకాలు, చిల్లర సామాను కలిపి 900 అనుకుంటే అవి తిరిగి రావడానికే నాలుగేళ్లు, అప్పటికి మీ అమ్మాయి కాలేజీలో ఉంటుంది. మిగతా 1,700 పెట్టి కొనే సరుకు 5,000 షెల్స్‌కి పైగా వస్తుంది, మీ వాడకం ఏడాదికి 2,500, అంటే రెండేళ్ల సరుకు ఇంట్లో కూర్చుంటుంది.

ఇంకొకటి గమనించాను, రీలోడింగ్ మొదలుపెట్టిన నా క్లయింట్లలో షెల్స్ ఖర్చు తగ్గినవాళ్లు తక్కువ. షెల్ చవక అనిపించగానే ఇంకో రౌండ్ (25 బిళ్లలు, అంటే ఒక బాక్స్) ఆడాలనిపిస్తుంది, ఆ రౌండ్‌కి టార్గెట్ ఫీజు 8 డాలర్లో ఎంతో మళ్లీ కట్టాలి, పెట్రోలు, తిండి మామూలే. బాక్స్ మీద మిగిలిన 2.25 ఆ ఫీజులోనే కొట్టుకుపోతుంది. ఎక్కువసార్లు ఆడడం తప్పని నేననను, తండ్రీ కూతుళ్లు కలిసి గడిపే గంటలవి, కాకపోతే దాన్ని పొదుపు ఖాతాలో రాయకండి, సరదా ఖర్చు కింద రాసుకోండి.

ఇక అసలు సంగతికొస్తాను. మీ ప్రశ్నలో నన్ను కంగారు పెట్టింది పౌడర్ కాదు, ఆ 4,800 బాకీ. 24 శాతం వడ్డీ అంటే అసలు కదలకపోతే ఏడాదికి 1,152 డాలర్లు, నెలకి 96. షెల్స్ మీద నానా తంటాలు పడి మిగుల్చుకునే 225కి ఇది ఐదింతలు. మీ చేతిలోకి వచ్చిన ఆ వడ్డీ లేని కార్డ్‌ని మెషీన్‌కి వాడేస్తే చేతికందిన అవకాశాన్ని పోగొట్టుకున్నట్టే. ఆ ఆఫర్ పాత బాకీ బదిలీకి కూడా వర్తిస్తుందో లేదో చూడండి, కొన్ని కార్డ్‌లలో కొత్త కొనుగోళ్లకు మాత్రమే ఉంటుంది, వర్తిస్తే మాత్రం 4,800 మొత్తం దాని మీదికి మార్చేయండి. బదిలీ ఫీజు సాధారణంగా 3 నుంచి 5 శాతం, 3 శాతమైతే 144 డాలర్లు. మొత్తం 4,944ని 15 నెలలకి పంచితే నెలకి 330. ఇది కష్టమనిపిస్తే ఇంకో కొన్నాళ్లు ఫ్లాట్లు తగ్గించండి కానీ ఈ వాయిదా తగ్గించకండి. ఆ కార్డ్ మీద కొత్తగా ఏదీ కొనకండి, ఆటో పే పెట్టండి, వాయిదా 60 రోజులు దాటి ఆలస్యమైతే సున్నా వడ్డీ ఆఫర్ రద్దు కావొచ్చు.

ఆఫర్ బదిలీకి వర్తించకపోయినా సరే, మీరు కొత్త కార్డ్‌కి నెల నెలా కడదామనుకున్న 175 డాలర్లని ఇప్పుడు పాత కార్డ్‌కి కడుతున్నదానికి అదనంగా కట్టండి. 2,600 అసలు తగ్గితే ఏడాదికి 624 డాలర్ల వడ్డీ ఆగుతుంది. ఏ మెషీనూ అంత తెచ్చిపెట్టదు.

ఆ బాకీ తీరాక రీలోడింగ్ సంగతి మళ్లీ చూడొచ్చు, అప్పుడు నిజంగా గిట్టుబాటయ్యే దారి ఒకటుంది. మీ అమ్మాయి స్కీట్ అంటోంది కదా. స్కీట్‌లో 12, 20, 28, 410 అని (పెద్ద సైజు నుంచి చిన్న సైజుకి) నాలుగు రకాల గన్లతో పోటీలు ఉంటాయి. చిన్న షెల్‌లో సరుకు తక్కువ, కానీ షాపులో రేటు ఎక్కువ, అమ్మకం తక్కువ కాబట్టి కంపెనీలు ఆ ధరే పెడతాయి. 28 గేజ్‌కి ముప్పావు ఔన్సు షాట్ చాలు, ఒక సంచితో 533 షెల్స్ వస్తాయి. 410కి అర ఔన్సు, 800 షెల్స్. ఇంట్లో చేస్తే 28 గేజ్ బాక్స్ 7 డాలర్ల లోపు, 410 అయితే 6 దగ్గర పడుతుంది, షాపులో రెండూ 17-18 ఉంటాయి. బాక్స్‌కి 10 నుంచి 12 డాలర్ల మిగులు! 12 గేజ్‌లో 100 బాక్సులు చేస్తే వచ్చే మిగులు 28 గేజ్‌లో 23 బాక్సులతోనే వచ్చేస్తుంది. ఇక్కడ మెషీన్ డబ్బు ఏడాదిలోపే తిరిగొస్తుంది. అందుకే తను స్కీట్‌లో నిలదొక్కుకుని 28 గేజ్ గన్ పట్టుకున్నాక, అంతవరకు కొన్న షెల్స్ తాలూకు ఖాళీ హల్స్ పారేయకుండా దాచి ఉంచి, అప్పుడు మొదలుపెట్టండి. లివర్ లాగిన ప్రతిసారీ ఒక షెల్ తయారుచేసే కొత్త ప్రోగ్రెసివ్ మెషీన్ కూడా అక్కర్లేదు. విస్కాన్సిన్‌లోని మేవిల్‌లో తయారయ్యే ఎంఈసీ కంపెనీ సింగిల్ స్టేజ్ (ఒక్కో షెల్‌ని విడిగా చేసే) మెషీన్లు పాతవి 150 డాలర్ల లోపు దొరుకుతుంటాయి, షూటింగ్ మానేసిన పెద్దవాళ్లు అమ్ముతుంటారు, విడిభాగాలు ఇప్పటికీ వస్తాయి, నచ్చకపోతే అదే ధరకి మీరూ అమ్ముకోవచ్చు. గేజ్ మీకు కావలసిందేనా అని చూసుకుని కొనండి.

ఆ లోపు 12 గేజ్ ఖర్చు తగ్గించాలంటే టీమ్ తల్లిదండ్రులంతా కలిసి ఒకేసారి పెద్ద మొత్తంలో ఆర్డర్ పెట్టండి, కంపెనీలు సీజన్‌లో ఇచ్చే రిబేట్ ఫారాలు వదలకుండా పంపండి. ఫ్లాట్‌కి 10-15 డాలర్లు తగ్గినా 24 ఫ్లాట్ల మీద అది రీలోడింగ్ మిగులు కంటే ఎక్కువ.

మీ ఆవిడగారి భయం దగ్గరికొద్దాం. ఆవిడ అడ్డుపడడంలో తప్పులేదు, జవాబు చెప్పాల్సిన బాధ్యత మీదే. అమెరికాలో ఎక్కువచోట్ల పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ (జాతీయ అగ్నిప్రమాద నివారణ సంస్థ) 495 ప్రమాణం ప్రకారం ఇంట్లో సొంత వాడకానికి 20 పౌండ్ల దాకా స్మోక్‌లెస్ పౌడర్ (మీరు వాడే ఈ మందే), 10,000 ప్రైమర్ల దాకా పెట్టుకోవచ్చు, పౌడర్ కంపెనీ డబ్బాలోనే ఉండాలి. మీకు అంత అవసరమే లేదు, ఒక డబ్బా చాలు. టెక్సస్ ఎండాకాలం గరాజ్‌లో, అదీ గ్యాస్ వాటర్ హీటర్ పక్కన, పెట్టకండి. ఇంటి ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని ముందే అడిగి జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి, రేపు ఏదైనా అయితే క్లెయిమ్ దగ్గర గొడవ పడడం కంటే ఇది తేలిక. సీసం ముట్టుకున్న చేతులతో ఏమీ తినకూడదు, ఆ గదిలో చిన్నపిల్లలు తిరగకూడదు.

ఇంకా ముఖ్యం, డబ్బు కలిసొస్తుందని వాడ్ ఒక కంపెనీది, ప్రైమర్ ఇంకో కంపెనీది మార్చి వేయొద్దు. పట్టికలో ఏది రాశారో అదే, అన్నీ అదే. పేలుడు ఒత్తిడి ప్రైమర్ మార్చినా మారిపోతుంది. లివర్ లాగిన ప్రతిసారీ పౌడర్ ఒకేలా పడుతుందని కూడా నమ్మకండి, మొదట కొన్నిటిని, మధ్య మధ్యలో కొన్నిటిని చిన్న తూకం మీద వేసి చూడాలి. పౌడర్ తక్కువ పడ్డ షెల్ కాలిస్తే ఢాం అనాల్సింది బుస్సుమని నీరసంగా మోగుతుంది, అప్పుడు వాడ్ బారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో షెల్ పేలిస్తే బారెల్ చీలుతుంది, ముందుచెయ్యి ఉండేది ఆ దగ్గర్లోనే. ఆ శబ్దం వినగానే ఆపి, గన్ తెరిచి, ఖాళీ చేసి, బారెల్‌లోంచి అటు వెలుగు కనిపిస్తోందో లేదో చూడాలి. ఇది మీ అమ్మాయికి నేర్పకుండా ఇంట్లో చేసిన షెల్ ఒక్కటి కూడా తన చేతికివ్వకండి.

ఫ్రెండ్ సంగతి. దీనికి గట్టిగా వద్దనే చెప్తాను. సొంతానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, కానీ చేసి అమ్మే వ్యాపారానికి టైప్ 06 లైసెన్స్ కావాలి, డబ్బు తీసుకుని షెల్స్ ఇవ్వడం ఎటు వెళ్తుందో ఆ వాదన మీకెందుకు? అంతకంటే పెద్దది, ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ గానీ షెల్స్ గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండడం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి లేకుండా పట్టుబడితే అది క్రిమినల్ కేసు, ఆ తర్వాత ఇమిగ్రేషన్ కేసు, తెలిసి ఇచ్చిన మీకూ చుట్టుకుంటుంది. మన వాళ్లలో చాలామంది సరదాగా రేంజ్‌కి వెళ్లి అద్దె గన్ పట్టుకుంటారు, ఈ నియమం ఒకటుందని కూడా తెలియదు. అతన్ని ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడమనండి, గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్న మనిషికి లాయర్ ఫీజు అన్నిటికంటే చవకైన ఖర్చు.

చివరగా ఒకటి, హైదరాబాద్ వెళ్లేటప్పుడు రేంజ్‌కి వాడే బ్యాగ్, జాకెట్ దేన్నీ ప్రయాణానికి వాడకండి. జేబు అడుగున మర్చిపోయిన ఒక్క షెల్ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, ఆ లాయర్ ఖర్చూ, మారిన టికెట్లూ, పోయిన సెలవులూ కలిపితే మీ ఏళ్ల తరబడి షెల్స్ బడ్జెట్ కూడా సరిపోదు. షూటింగ్‌కి ఒక బ్యాగ్ విడిగా పెట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.