థర్మామీటర్‌లో 38.6 అంటే ఎంత జ్వరం?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. నిన్నటి నుంచి జ్వరం. పాత థర్మామీటర్ 100, 101 అని చూపించేది. కొత్త డిజిటల్ థర్మామీటర్‌లో 38.6 వచ్చింది. రెట్టింపు చేసి 30 కలపాలని తెలిసినవాళ్లు చెప్పారు. అలా చేస్తే 107 దాటింది! పారాసిటమాల్ వేశాక 37.8కి వచ్చింది. ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదంటే మందు పనిచేయనట్టేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ బాబుకు వచ్చింది 107 కాదమ్మా, 101.5. పాత థర్మామీటర్ ఫారన్‌హీట్‌లో చూపించేది, కొత్తది సెల్సియస్‌లో చూపిస్తోంది, అంతే.

రెట్టింపు చేసి 30 కలపడం వాతావరణం ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి వాడే చిట్కా. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది సరిగ్గా సరిపోతుంది. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకీ 0.2 చొప్పున ఎక్కువ చూపుతుంది. 38.6 దగ్గరికొచ్చేసరికి ఆ తేడా 5.7 డిగ్రీలు. జ్వరానికి ఈ చిట్కా అస్సలు వాడకండి.

సరైన లెక్క 1.8తో గుణించి 32 కలపడం. నోటితో చేయాలంటే: 38.6ను రెట్టింపు చేస్తే 77.2. అందులో పదో వంతు, అంటే 7.7 తీసేస్తే 69.5. దానికి 32 కలిపితే 101.5. తిరిగి సెల్సియస్‌లోకి కావాలంటే ముందు 32 తీసేసి, ఆ తర్వాతే 1.8తో భాగించాలి. ఈ వరుస తారుమారైతే జవాబు ఎక్కడికో పోతుంది. అర్ధరాత్రి లెక్కలు చేయలేం కాబట్టి ఈ నాలుగూ రాసి థర్మామీటర్ డబ్బాకు అంటించుకోండి: 37 అంటే 98.6, 38 అంటే 100.4, 39 అంటే 102.2, 40 అంటే 104.

38, అంటే 100.4 నుంచే జ్వరంగా లెక్క. 98.6 కంటే కాస్త ఎక్కువ కనిపించిందని కంగారు వద్దు. జర్మన్ వైద్యుడు వుండర్‌లిక్ 1868లో సగటు 37 అని చెప్పారు. దాన్ని ఫారన్‌హీట్‌లోకి మారిస్తే వచ్చిన అంకె అది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ ఉదయం కంటే సాయంత్రం ఒళ్లు కాస్త వెచ్చగానే ఉంటుంది.

ఇక మందు సంగతి. 38.6 నుంచి 37.8కి అంటే 0.8 తగ్గింది. తేడాను మార్చేటప్పుడు 1.8తో గుణిస్తే చాలు, 32 కలపకూడదు. (ఫోన్‌లో 0.8 కొట్టి మారిస్తే 33.4 అని వస్తుంది. అది తేడా కాదు.) ఫారన్‌హీట్‌లో దాదాపు 1.4 డిగ్రీలు తగ్గింది, అంటే మందు పనిచేసింది. అంకె ఇంకా దిగలేదని రెండో డోసు ముందుగా వేయకండి. పిల్లలకు పారాసిటమాల్ కిలో బరువుకు ఒక్కోసారి 15 మిల్లీగ్రాములు మించకూడదు. డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, రోజుకు నాలుగు డోసులు దాటకూడదు. సిరప్‌లు వేర్వేరు మోతాదుల్లో వస్తాయి. ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో సీసా మీద చూశాకే పోయండి.

చాలా డిజిటల్ థర్మామీటర్లలో బటన్ నొక్కి పట్టుకుంటే యూనిట్ మారిపోతుంది. విధానం కరపత్రంలో ఉంటుంది. అంకె పక్కన చిన్న సీ ఉందా, ఎఫ్ ఉందా చూడండి. అది కనిపించకపోయినా, మనిషి ఒంటి వేడి 30, 40ల్లో ఉంటే సెల్సియస్, 90 పైన ఉంటే ఫారన్‌హీట్. చంకలో పెట్టేటప్పుడు చెమట తుడిచి, మొన చంక లోతుకు ఆనేలా పెట్టి, బీప్ వచ్చేదాకా చేయి దగ్గరగా అదిమి ఉంచండి. చంకలో సాధారణంగా నోట్లో కంటే తక్కువ చూపుతుంది. మీరే ఒక డిగ్రీ కలిపి చెప్పకండి. వచ్చిన అంకె, యూనిట్, ఎక్కడ పెట్టారు, ఎన్ని గంటలకు చూశారు, ఇవన్నీ రాసి డాక్టర్‌కు చూపించండి.

జ్వరం మూడు రోజులు దాటినా, 104 చేరినా చూపించండి. బాబు మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఆయాసంగా తీస్తున్నా, మెడ బిగుసుకున్నా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా అంకె ఎంతైనా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూడు నెలల్లోపు పసికందుకైతే 38 రాగానే అదే పని చేయాలి.