చీకట్లో కూర్చోవాలనుకుంటున్న మేనకోడలికి

అమ్మలూ,

ఏడు రోజులు చీకటి గదిలో ధ్యానం చేయించే రిట్రీట్‌కి వెళ్లాలనుందని రాశావు. కోరిక మంచిదే. కానీ ముందు ఇంట్లో, నీ గదిలోనే మొదలుపెట్టు. ఎన్నో ఏళ్లుగా ఇలా కూర్చుంటున్నాను కాబట్టి చెబుతున్నా, ఒకేసారి ఎక్కువ రోజులు ఓర్చుకోవడం కన్నా, రోజూ కాసేపు ఇష్టంగా కూర్చోవడంలోనే మేలుంది.

గదిని చీకటి చెయ్యడమే పెద్ద పని. లైట్లు ఆర్పాక స్టెబిలైజర్ మీద ఎర్రచుక్క, వైఫై డబ్బా మిణుకులు, తలుపు కింది సందు అన్నీ బయటపడతాయి. సందుకి దుప్పటి మడిచి పెట్టు. కిటికీకి మందపాటి నల్లగుడ్డ కట్టు. ఫోన్ వేరే గదిలో ఉంచి, ముప్పావుగంట అయ్యాక తలుపు మెల్లగా తట్టమని మీ అమ్మకి చెప్పు. గడియ మాత్రం పెట్టుకోకు.

కళ్లు తెరిచే కూర్చో, ధ్యాస ఊపిరి మీద పెట్టు. కంటికి చీకటి బాగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా రంగుల చుక్కలు, గళ్లు, మబ్బుల్లాంటివి కదులుతాయి. వెలుతురు లేకపోయినా కన్నూ మెదడూ ఊరుకోవు, అందుకే అవి. వాటిని దర్శనాలనుకున్నావంటే రేపటి నుంచి వాటి కోసమే కూర్చుంటావు. చూసి వదిలెయ్యి, మళ్లీ ఊపిరి మీదకి రా.

భయం కూడా వేస్తుంది. వెనకాల ఎవరో నిలబడ్డట్టు ఉంటుంది. గోడకి వీపు ఆనించి, అరచేయి నేలకి తాకించు, సగం తగ్గుతుంది. మిగతా సగాన్ని తరమకు. గొంతు ఎక్కడ బిగుసుకుంది, గుండె ఎలా కొట్టుకుంటోంది, ఏ ఆలోచన రాగానే అది పెరిగింది, గమనిస్తూ ఉండు. నా మటుకు నాకు చీకటి ఇచ్చిన చదువంతా ఇక్కడే ఉంది. మరీ భరించలేకపోతే లేచి వచ్చెయ్, తప్పేం లేదు. వచ్చాక ట్యూబ్‌లైట్ వెయ్యకుండా దేవుడి దగ్గర దీపం వెలిగించుకో.

రమణ మహర్షి అరుణాచలం గుడి నేలమాళిగలో ఉన్న పాతాళ లింగం దగ్గర కూర్చున్నారు కదా అన్నావు. 1896లో అరుణాచలం వచ్చినప్పుడు ఆయనకి పదహారేళ్లు. అల్లరి పిల్లలు రాళ్లు విసురుతుంటే ఆ నేలమాళిగలోకి వెళ్లారు. పురుగులు తొడలు కొరికి పుళ్లు పడ్డా ఆయనకి తెలియలేదు, చివరికి ఇతరులే ఎత్తుకొచ్చారు. ఆ స్థితి ఆయనది. మనం దాన్ని అనుకరించకూడదు. టిబెట్ బౌద్ధుల్లోనూ, అక్కడిదే మరో మతమైన బోన్ సంప్రదాయంలోనూ 49 రోజుల చీకటి సాధన ఉంది, కానీ ముందు ఏళ్ల తరబడి అభ్యాసం, పక్కన గురువు ఉంటారు.

కొన్ని నెలలు ఇంట్లో కూర్చున్నాక కూడా వెళ్లాలనిపిస్తే ఆ రిట్రీట్ వాళ్లని అడుగు: తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందా, రాత్రంతా బయట మనిషి ఉంటారా, మధ్యలో వద్దనుకుంటే వెంటనే పంపిస్తారా? జవాబు నసిగితే డబ్బు కట్టకు. డిప్రెషన్, ఫిట్స్ లాంటివి ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వెళ్లకూడదు. పోయినేడు నిద్రపట్టక మందులు వాడావు కదా, ఆ సంగతి డాక్టరుకీ, వాళ్లకీ దాచకుండా చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య