పక్క చేను బోరు దగ్గరే మన బోరు: చట్టం ఒప్పుకుంటే సరిపోతుందా?

మీరు అడిగిన సంగతి క్లుప్తంగా: అనంతపురం జిల్లా నార్పల దగ్గర నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, 450 అడుగుల బోరు తగ్గుముఖం పట్టింది. పక్క చేను పెద్దాయనకు రెండెకరాలు, ఆయన బోరు మీ గట్టుకు 90 అడుగుల్లో ఉంది. బోరుబండి వాళ్ళేమో ఆ గట్టు వారనే 900 అడుగులకు దించుదామంటున్నారు. "మా చేన్లో మేం వేసుకుంటే తప్పేముంది?" అన్నది మీ ప్రశ్న.

పాత చట్టం చూస్తే మీ వైపే బలముంది. చేను కింద ఊరే నీళ్ళు చేను గలాయన తోడుకోవచ్చని 1882 నాటి ఈజ్‌మెంట్ల (అనుభవ హక్కుల) చట్టం చెప్తుంది. 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చాక కొంత కట్టుబాటు వచ్చింది. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు ఇష్టమొచ్చినట్టు వేయకూడదు, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, బోరుబండికి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. "రాత్రికి రాత్రి వేసి పోతాం, కాగితాలెందుకు" అనే బండిని మాత్రం పిలవొద్దు.

అయితే అనుమతి చేతికొచ్చినా న్యాయం తేలినట్టు కాదు. మన దగ్గర నేల కింద ఉండేది చాలావరకు గ్రానైటు బండ. నీళ్ళుండేది పైన మెత్తబడిన పొరలో, దాని కింద బండ పగుళ్ళలో. పగులుకు గట్టు తెలీదు, సర్వే నంబరూ తెలీదు. ఒకే పగులు మీద రెండు బోర్లు పడితే లోతుగా ఉన్నది తాగుతుంది, పైనున్నది ఎండుతుంది. పెద్దాయన బోరు ఎండితే ఆయనా అప్పు చేసి వెయ్యి అడుగులకు పోవాలి, లేదంటే చేను బీడు పెట్టాలి. ఆ తర్వాత మీ వంతు.

ఇక అసలు లెక్క. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అందులో మన బండ నేలల్లోకి ఇంకేది ఇంచుమించు పదో వంతు. అంటే ఎకరాకు 2.2 లక్షల లీటర్లు, మీ నాలుగెకరాలకు దాదాపు 9 లక్షలు. చెరువో కుంటో పక్కనుంటే ఇంకొంచెం. ఇప్పుడు వాడకం చూడండి. 20 అడుగుల ఎడంతో ఎకరాకు 108 చెట్లు, మొత్తం 432. ఎండాకాలంలో కాపు చెట్టుకు డ్రిప్పులో రోజుకు 100 లీటర్లే అనుకున్నా రోజుకు 43,200 లీటర్లు, నాలుగు నెలలకు 52 లక్షలు. మీ వాటా 9 లక్షలు పోను మిగిలిన 43 లక్షలు చుట్టుపక్కల మెట్ట చేలవాళ్ళవి. బోరు వేయలేక వానమీదే బుడ్డలు (వేరుశనగ) వేసుకునేవాళ్ళు తోడుకోని నీళ్ళే మీ తోటను బతికిస్తున్నాయి. అందుకని తోట తీసేయమనడం లేదు. "మా చేను, మా నీళ్ళు" అన్న మాట మాత్రం ఈ లెక్క ముందు నిలబడదు.

కాబట్టి బండిని పిలవకముందు మూడు పనులు చేయండి.

మొదట మీ బోరు కొలవండి. మోటారు గంటసేపు ఆడనిచ్చి (మొదట్లో వచ్చే దుముకు చూసి మోసపోవద్దు), 200 లీటర్ల డ్రమ్ము కింద పెట్టి గడియారం చూడండి. రెండున్నర నిమిషాల్లో నిండితే గంటకు 4,800 లీటర్లు. 9 గంటల కరెంటులో 43,200 వస్తాయి, తోటకు సరిగ్గా చాలు. అంతకన్నా త్వరగా నిండుతుంటే కొరత బోరులో లేదు. మూసుకుపోయిన డ్రిప్పర్లు, కారే జాయింట్లు, పాదులకు నీళ్ళు పారగట్టే అలవాటు, వీటిలో ఎక్కడో ఉంది. పాదులో బుడ్డపొట్టో ఎండుగడ్డో నాలుగంగుళాలు పరిచినా తేమ నిలుస్తుంది. చచ్చుబడిన చెట్లకు నీళ్ళు పెట్టడం మానేయండి.

రెండోది, పెద్దాయనతో కలిసి చేసే పరీక్ష. ఇద్దరి బోర్లలో మోటారు దించేటప్పుడు పైపుతో పాటు అర అంగుళం సన్న పైపు కట్టి దించుకోవాలి. అది లేకుండా తాడు వదిలితే కేబుల్‌కు చుట్టుకుంటుంది. రెండు మోటార్లూ 12 గంటలు ఆపి, సన్న పైపులో బోల్టు కట్టిన తాడు వదిలి రెండింటిలో నీటిమట్టం రాసుకోండి. తర్వాత మీది మాత్రమే నాలుగు గంటలు నడిపి, అరగంటకోసారి ఆయన బోరులో కొలవండి. ఆయన మట్టం దిగుతూ పోతే రెండూ కలిసి ఉన్నట్టే. అలాంటప్పుడు ఆ గట్టు వారన కొత్త బోరు వేయడమంటే ఆయన నీళ్ళకు స్ట్రా వేయడమే. మట్టం కదలకపోతే ఆ పక్క కొంత భయం తగ్గుతుంది, కానీ 900 అడుగులకు పోతే కొత్త పగుళ్ళు తగలొచ్చు, పూర్తి హామీ ఏమీ లేదు. టెంకాయ పట్టి నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పేవాళ్ళ మాట దీనికి సాక్ష్యం కాదు.

మూడోది, ట్రాన్స్‌ఫార్మర్. జనం దీన్ని నీళ్ళ గొడవలో కలపరు, కలపాలి. 25 కేవీఏ సామర్థ్యం ఉన్నదాని మీద 5 హార్స్‌పవర్ మోటార్లు అయిదుకు మించి మోయించకూడదు. 900 అడుగుల నుంచి ఎత్తాలంటే పెద్ద మోటారు కావాలి. 15 హార్స్‌పవర్ పెడితే ముగ్గురి వాటా మీరొక్కరే తీసుకున్నట్టు. ఓల్టేజీ పడిపోయి కాలేది పక్కవాళ్ళ మోటారు వైండింగు.

మూడూ చూశాక కూడా చాలకపోతే, ఇద్దరూ కలిసి ఒక్క బోరు వాడుకోవడం నా మొదటి ఎంపిక. నోటిమాట మీద నడవదు. స్టాంపు కాగితం మీద రాసుకోండి: ఎవరికి ఏ రోజు, ఎన్ని గంటలు, వంతులో కరెంటు పోతే ఆ గంటలు మరుసటి రోజు కలుస్తాయా లేదా, మోటారు కాలితే ఖర్చు గంటల లెక్కన పంచుకోవడం, వరి వేయకూడదని, ట్యాంకర్లకు అమ్మకూడదని, ఇన్నేళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ కొత్త బోరు వేయకూడదని. ఎక్కువసార్లు ఒప్పందం తెగేది కరెంటు షరతు దగ్గరే, దాన్ని వదలకండి. ఆటో స్టార్టర్లు తీసేయాలి, లేకపోతే కరెంటు రాగానే ఎవరి వంతనేది ఉండదు. మాట్లాడ్డానికి మీరే పెద్దాయన ఇంటికి పోండి, బండి రాకముందే.

ఎండిన బోరు ఉంటే దాన్ని అలా వదిలేయొద్దు. కేసింగు పైపు పీకి అమ్ముకుని, గుంతమీద గోనెసంచి కప్పే ఆచారం పిల్లల ప్రాణాలు తీసింది. 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: వదిలేసిన బోరును అట్టడుగు నుంచి నేలమట్టం దాకా బంకమట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చాలి. వాడుకలో ఉన్నదైతే ఇనుపపళ్ళెం బిగించి, కేసింగు చుట్టూ నేలపైకి 30, నేలలోకి 30 సెంటీమీటర్లుండేలా సిమెంటు దిమ్మె కట్టాలి.