దూరప్రయాణ గుర్రానికి కొత్తరకం జీను నిజంగా మేలు చేస్తుందా?

చేస్తుంది, కానీ వీపుకి సరిగ్గా అమరితేనే. మంచి ఎండ్యూరెన్స్ (దూరప్రయాణ) జీను రౌతు బరువుని వెన్నెముక మీద పడనివ్వకుండా, రెండు పక్కలా ఉన్న కండరాల మీద పరుస్తుంది. మధ్యలో వదిలిన సందులో గాలి ఆడుతుంది. 160 కిలోమీటర్ల దాకా సాగే పందేల్లో ఒక్కచోటే పడే ఒత్తిడి పుండవుతుంది. వెడల్పాటి రికాబులు రౌతు మోకాళ్ళని కాపాడతాయి. అలిసిన రౌతు ఓ పక్కకి ఒరిగితే ఆ బాధ మోసేది గుర్రమే.

గోదావరి డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ. చెమట పట్టినా ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అందుకే ఇక్కడ గుండె వేగం చూపే మానిటర్ జీనుకన్నా ముఖ్యం: విరామంలో నిమిషానికి 64కి దిగకపోతే మళ్ళీ బయల్దేరకూడదు. తోలు పట్టీలకి వానాకాలం బూజు పడుతుంది, ప్లాస్టిక్ పూత పట్టీలైతే కడిగితే చాలు.

జీను సరిగ్గా అమరిందో లేదో చూడాలంటే, ఉదాహరణకి కోనసీమలో కాలవ గట్టు మీద 20 కిలోమీటర్లు తిప్పి జీను విప్పండి. వీపంతా తడిసి, భుజం వెనక అరచేతి మేర పొడిగా ఉంటే అక్కడ వేలితో నొక్కండి. గుర్రం వీపు దించుకుందంటే జీను అక్కడ నొక్కుతోంది.

చాలామంది అప్పుడు జీను కింద ఇంకో మందపాటి మెత్త వేస్తారు. అది పొరపాటు. బిగుతు బూటులో మందం సాక్స్ తొడిగినట్టు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మార్చాల్సింది జీను వెడల్పు.