18,000 రూపాయల కోర్సు కంటే ముందు, బ్యాంకుకు ఒక అర్జీ

ప్రశ్న: మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతోంది. నర్సింగ్ చదవాలని కోరిక. పేదింటి పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతనానికి ఎంపికైంది గానీ డబ్బు ఇంతవరకు ఖాతాలో పడలేదు. ఖాతాకు ఆధార్ సరిగా లేదని బడిలో చెప్పారు. బ్యాంకుకు అర్జీ రాయమంటే రెండు రోజులు కూర్చుని రాసింది. దాని ఫొటో పంపుతున్నాను. మా పట్టణంలో ఒక సంస్థ వాళ్లు రెండు నెలల ప్రొఫెషనల్ కమ్యూనికేషన్ కోర్సుకు 18,000 రూపాయలు అడుగుతున్నారు. వాళ్లు ఇచ్చిన కాగితం కూడా పంపాను. ఇప్పటి నుంచే నేర్చుకోకపోతే ఉద్యోగాలు రావంటున్నారు. మహిళా సంఘంలో అప్పు తీసుకుని చేర్పించమంటారా? అయినా నర్సుకు రాతపని ఏముంటుంది?
– ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, అప్పు చేయకండి. మీ అమ్మాయికి ఏడాదికి రావలసిన ఉపకార వేతనమే 12,000 రూపాయలు. అది చేతికి రాకముందే దానికి ఒకటిన్నర రెట్లు అప్పు తెచ్చి కోర్సుకు కట్టడం నాకు మింగుడుపడలేదు. ఆ సంస్థ కాగితం మొత్తం చదివాను. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, చేయి ఎలా కలపాలి, బృంద చర్చలో ఎప్పుడు నోరు విప్పాలి, ఇవే ఉన్నాయి. నర్సింగ్ చివరి సంవత్సరంలో పనికొస్తే రావచ్చు. పదిహేనేళ్ల పిల్లకు ఇప్పుడు వాటితో పనిలేదు. ఒక అర్జీ రాయడం నేర్పుతామన్న మాట మాత్రం ఆ కాగితంలో ఎక్కడా కనిపించలేదు.

ఇక మీ అమ్మాయి రాసిన అర్జీ. దస్తూరి ముత్యాల్లా ఉంది. అక్షర దోషాలు వెతికినా రెండు దొరకలేదు. మొత్తం 23 పంక్తులు. ‘బ్యాంకు మేనేజరు గారి దివ్యసముఖమునకు’ అని మొదలుపెట్టి, ఊరు, బడి, నాన్నగారి కూలిపని, ఇంట్లో ఇబ్బందులు, పరీక్షకు ఎంత కష్టపడి చదివిందీ అంతా చెప్పి, 19వ పంక్తికి వచ్చాక ‘కావున నా ఉపకార వేతనం విషయం పరిశీలించగలరని ప్రార్థన’ అంది. చదివిన మేనేజరు ఇప్పుడు ఏం చేయాలి? పరిశీలిస్తారు, పక్కన పెడతారు. ఖాతా నంబరు లేదు, తేదీ లేదు, ఫోను నంబరు లేదు. అసలు కావలసిన పని పేరే లేదు.

పిల్లను కోప్పడకండి. మనకు వచ్చిన ఉత్తరాల సంప్రదాయమే అలాంటిది. మా తాతగారు కార్డు రాస్తే ‘ఉభయ కుశలోపరి’ అని మొదలయ్యేది. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీ క్షేమం తెలియజేయవలెను, వానలు ఆలస్యమైనవి, గేదె ఈనినది... చివరికి చిరునామా పక్కన ఖాళీలో ఇరికించి ‘నాయనమ్మకు బాగుండలేదు, వెంటనే బయలుదేరి రావలెను’. బంధువుల మధ్య అది మర్యాదే. కౌంటరు దగ్గర వరుసలో జనం నిలబడి ఉండగా కాగితం చేతికి తీసుకునే ఉద్యోగికి మాత్రం అది భారం.

దానికి తోడు బడిలో నేర్పే సెలవు చీటీ ఒకటుంది. గైడులో నమూనా జ్వరం మీదే ఉంటుంది కాబట్టి అక్క పెళ్లికి వెళ్లినవాడూ జ్వరమనే రాస్తాడు. నమూనాలో పేరు, తేదీ మార్చడమే రాయడం అనుకుంటూ పిల్లలు పెద్దవాళ్లవుతారు. నేనూ అలా పెరిగినవాణ్నే. నా మొదటి ఉద్యోగంలో నాలుగు పేజీల నోటు రాసి పంపితే, పై అధికారి మొదటి పేజీ మీద ఎర్రసిరాతో ‘ఏం కావాలి?’ అని రెండే మాటలు రాసి తిప్పి పంపారు. చాలా రోజులు ఉడుక్కున్నాను. ఇప్పుడు పిల్లల కాగితాల మీద నేనూ అదే రాస్తున్నాను.

ఉద్యోగంలో రాసే రాతకూ పరీక్షలో రాసే రాతకూ పెద్ద తేడా ఇక్కడే ఉంది. పరీక్షలో మనకు ఎంత తెలుసో చూపించాలి. ఉద్యోగంలో చదివే మనిషి ఏం చేయాలో చెప్పాలి, అదీ మొదటి రెండు మూడు పంక్తుల్లో. కారణాలు, వివరాలు ఆ తర్వాత. జాలి కథ అవసరమైతే చివర, లేకపోతే అసలు వద్దు.

ఇంకో సంగతి, కావలసిన పనికి సరైన పేరు తెలియాలి. ‘ఖాతాకు ఆధార్ సరిగా లేదు’ అంటే రెండు అర్థాలు ఉండవచ్చు. బ్యాంకు తన దగ్గర ఖాతాకు ఆధార్ నంబరు జతచేసుకోవడం ఒకటి. ప్రభుత్వం ఆధార్ ఆధారంగా పంపే సొమ్ము ఏ బ్యాంకుకు వెళ్లాలో ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర నమోదు చేయడం రెండోది. దీన్నే బ్యాంకులో ఆధార్ సీడింగ్ అంటారు. మొదటిది జరిగి రెండోది జరగకపోతే సొమ్ము రాదు. ఒక ఆధార్‌కు ఒక బ్యాంకే నమోదై ఉంటుంది కాబట్టి, చిన్నప్పుడెప్పుడో వేరే బ్యాంకులో పిల్ల పేరున ఖాతా తెరిచి ఉంటే డబ్బు అక్కడికే పోయి ఉండవచ్చు కూడా. ‘ఆధార్ లింకు చేయండి’ అని రాస్తే, ‘ఎప్పుడో చేశామమ్మా’ అని పంపించేస్తారు. వాళ్లు చెప్పింది నిజమే అవుతుంది, మీ పని మాత్రం కాదు. అందుకే ముందు బడిలో ప్రధానోపాధ్యాయుల దగ్గర అడిగి, ఉపకార వేతనాల పోర్టల్‌లో (వెబ్‌సైట్‌లో) ఏమని చూపిస్తోందో ఆ మాటే కాగితం మీద రాసుకు రమ్మనండి.

అర్జీని మళ్లీ రాస్తే సుమారుగా ఇలా ఉండాలి. మాటలు ఆమెవే ఉండనివ్వండి, వరుస మాత్రం ఇది:

‘విషయం: ఉపకార వేతనం కోసం నా ఖాతాకు ఆధార్ సీడింగ్.
మేనేజరు గారికి నమస్కారం. మీ శాఖలోని నా పొదుపు ఖాతాకు (నంబరు ఇక్కడ) ప్రభుత్వ సొమ్ము జమ కావడానికి వీలుగా ఆధార్ సీడింగ్ చేయమని కోరుతున్నాను. కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతనం 12,000 రూపాయలు ఈ ఖాతాకు రావలసి ఉంది. సీడింగ్ లేనందువల్ల జమ కాలేదని పాఠశాలలో తెలిపారు. నా ఆధార్ ఇప్పటికే వేరే బ్యాంకులో నమోదై ఉంటే ఆ సంగతి తెలియజేయగలరు. ఆధార్ నకలు, పాస్‌బుక్ మొదటి పేజీ నకలు జతచేశాను. పని పూర్తయ్యాక మా అమ్మగారి ఫోనుకు (నంబరు ఇక్కడ) తెలియజేస్తే సంతోషిస్తాను.’

కింద తేదీ, ఆమె సంతకం. మైనరు కాబట్టి మీ సంతకం కూడా. అంతే. దివ్యసముఖం పోయినా మర్యాద ఎక్కడా తగ్గలేదు చూడండి. ‘నమస్కారం’, ‘కోరుతున్నాను’, ‘తెలియజేయగలరు’ చాలు. మర్యాద కోసం వంగి దండం పెట్టనవసరం లేదని ఆడపిల్లకు ఈ వయసులోనే తెలియాలని నా పట్టుదల.

రెండు ప్రతులు రాయించండి. ఒకటి బ్యాంకుకు ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ఇది ఏ కోర్సులోనూ నేర్పరు గానీ ఆఫీసు రాతలో సగం విద్య ఇదే. ఒకవేళ బ్యాంకు పట్టించుకోకపోతే మళ్లీ ఇంకో అర్జీ కాదు, అదే బ్యాంకుకు ఫిర్యాదు రాయాలి, మొదటి అర్జీ తేదీని ప్రస్తావిస్తూ. దానికి 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చారా అన్నదే అక్కడ మొదట చూస్తారు. నోటితో వందసార్లు అడిగినదానికి అక్కడ లెక్క ఉండదు.

నర్సుకు రాతపని ఏముంటుందని అడిగారు. ఈ మాట నర్సుగా పనిచేసే మా మరదలికి చెబితే పగలబడి నవ్వింది. డ్యూటీ మారేటప్పుడు ఎనిమిది గంటలు తాను చూసిన రోగులందరి పరిస్థితీ వచ్చేవాళ్లకు అప్పజెప్పాలి. ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారు, జ్వరం ఎంత, మూత్రం ఎంత వచ్చింది, డాక్టరు ఏం మార్చారు. ‘రాయనిది చేయనట్టే’ అని నర్సింగ్‌లో మొదటి ఏడాదే చెబుతారు. ఇచ్చిన ఇంజెక్షన్ రాయకపోతే తర్వాత వచ్చిన నర్సు మళ్లీ ఇచ్చే ప్రమాదం ఉంది.

ఈ అప్పగింతకు చాలా ఆసుపత్రుల్లో ఒక వరుస పాటిస్తారు: ముందు ఇప్పటి పరిస్థితి, తర్వాత నేపథ్యం, తర్వాత తన అంచనా, చివర ఏం చేయాలన్నది. ఎస్‌బార్ అంటారు దాన్ని. అమెరికా నౌకాదళంలో జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిన పద్ధతి. రాత్రి రెండు గంటలకు డాక్టరుకు ఫోను చేసి ‘సార్, మొన్న చేరిన ముసలాయన, వాళ్లది ధర్మపురి దగ్గర’ అని మొదలుపెట్టే నర్సుకూ, ‘నాలుగో బెడ్ రోగికి ఊపిరి అందడం లేదు, ఆక్సిజన్ 86కు పడింది’ అని మొదలుపెట్టే నర్సుకూ తేడా మీకే తెలుస్తుంది. మీ అమ్మాయి అర్జీలో 19వ పంక్తిని పైకి తేవడమూ ఇదే పని.

విదేశాలకు వెళ్లాలని అనుకున్నా ఇదే పరీక్ష ఎదురవుతుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి చోట్ల నర్సులకు ఇంగ్లిషు అర్హతగా అంగీకరించే ఓఈటీ పరీక్షలో రాత భాగం 45 నిమిషాలు. ఒక రోగి వివరాల కాగితం ఇచ్చి, దాని నుంచి మరో నర్సుకో డాక్టరుకో 180 నుంచి 200 పదాల్లో ఉత్తరం రాయమంటారు. ఉత్తరం ఎందుకు రాశారో వెంటనే తెలుస్తోందా అన్నదానికి విడిగా మార్కులు. ఆ చదివే వ్యక్తికి అక్కర్లేనివి వదిలేశారా అన్నదానికి విడిగా మార్కులు. ఇచ్చిన కాగితంలో పనికిరాని వివరాలు కావాలనే ఉంచుతారు. వాటినన్నిటినీ ఎత్తి రాసేవాళ్లు దెబ్బతింటారు. వ్యాకరణం బాగున్నవాళ్లు కూడా.

అభ్యాసం ఎక్కడ చేయాలంటారా? మీ సంఘం పుస్తకమే ఉంది కదా. సమావేశం రోజున అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, పొదుపు ఎంత జమైంది, ఎవరికి అప్పు తీర్మానించారు, ఎన్ని వాయిదాల్లో కట్టాలి, బ్యాంకుకు ఎవరు ఏ తేదీన వెళ్లాలి. ఇవన్నీ ఒక పేజీలో విడిగా రాయమనండి. అసలు పుస్తకం రాసేవారి పని లాక్కోవద్దు. రాసింది తర్వాత సభ్యులకు చదివి వినిపించమనండి. ‘నేనన్నది అది కాదు’ అని ఒక్కరు లేచినా అది ఏ కోర్సు ఇవ్వలేని పాఠం. పెద్ద పెద్ద కంపెనీల్లో మినిట్స్ అని రాసేదానికీ ఈ పేజీకీ నాకు తేడా కనిపించదు.

ఇది పదో తరగతిలోనే ఎందుకంటే, ఇప్పుడు బడిలో కొంతైనా రాయిస్తున్నారు. తెలుగు పరీక్షలో లేఖ, కరపత్రం అడుగుతారు, ఇంగ్లిషులోనూ ఉత్తరం ఉంటుంది. గైడు చూసి బట్టీ పట్టే ప్రశ్నలని పిల్లలు వాటిని చిన్నచూపు చూస్తారు గానీ, రేపటి ఉద్యోగానికి నేరుగా పనికొచ్చేవి అవే. ఇంటర్ బైపీసీలో చేరాక చాలా కాలేజీల్లో ఎంట్రన్సుల హోరులో రాత వెనకబడుతుంది. ఈఏపీసెట్ లాంటి పరీక్షలో 160 ప్రశ్నలు, అన్నింటికీ సరైన జవాబు మీద నొక్కడమే. రెండేళ్లు సొంతంగా ఒక పేరా రాయకుండా గడిచిపోయే పిల్లలను చూస్తుంటాను. నర్సింగ్ కాలేజీలో మొదటి కేసు రికార్డు రాయమన్నప్పుడు చేయి కదలదు.

ఇంగ్లిషు గురించి మీకు బెంగ ఉంటుందని తెలుసు. తెలుగులో వరుస కుదిరిన ఉత్తరాన్ని వారానికి ఒక్కటి ఇంగ్లిషులో మళ్లీ రాయించండి. వాక్యం ఒక పంక్తి దాటకూడదని షరతు పెట్టండి. తప్పులుంటాయి, ఇంగ్లిషు ఉపాధ్యాయురాలు దిద్దుతారు. తెలుగులోనే ఏం కావాలో చెప్పలేని ఉత్తరాన్ని ఇంగ్లిషులోకి మారిస్తే రెండు భాషల్లోనూ అర్థం కాదు.

ఫోనులో కృత్రిమ మేధ రాసిపెడుతుంది కదా అని మీ అమ్మాయి అనవచ్చు. రాస్తుంది, నున్నగా రాస్తుంది. సీడింగ్ లేదని, వేరే బ్యాంకులో నమోదై ఉండవచ్చని దానికి ఎవరు చెప్పాలి? అంత స్పష్టంగా చెప్పగలిగితే అర్జీ అప్పటికే సగం తయారైనట్టు.

ఆ ఫోను గురించే ఒక మాట. ఉపాధ్యాయులకు వాట్సాప్‌లో ‘హాయ్ సార్’ అని పెట్టి, ఆయన ‘చెప్పమ్మా’ అనేదాకా ఊరుకునే అలవాటు పిల్లలందరికీ ఉంది. నమస్కారం, పేరు, తరగతి, కావలసింది, అన్నీ ఒకే సందేశంలో పెట్టమనండి. ఈ–మెయిల్ ఖాతా తెరిస్తే చిలిపి పేర్లు వద్దు, సొంత పేరుతో తెరవాలి. విషయం అన్న గడి ఖాళీగా వదలకూడదు. మిగతావి కాలేజీలో తెలుస్తాయి.

సోమవారం బడిలో పోర్టల్ సంగతి కనుక్కోండి. మంగళవారం రెండు ప్రతులతో బ్యాంకుకు వెళ్లండి, కాగితం మాత్రం అమ్మాయి చేతే ఇప్పించండి, మీరు వెనక నిలబడండి. ముద్ర పడిన ప్రతి ఫొటో నాకు పంపండి. సొమ్ము పడిన రోజు కూడా ఒక మాట రాయమనండి, మొదటి పంక్తిలోనే.